పలికితేనే జెర్సీ

మా ఊరి ఇండోర్ స్టేడియంలో ప్రేక్షకుల మెట్ల కింద ఒక గది ఉంది. దానికి కిటికీ లేదు. మెట్ల వాలును అనుసరించి పైకప్పు కూడా ఏటవాలుగా దిగుతుంది గనుక, లోపలి మూలకు పోవాలంటే ఎంతటివారైనా తల వంచక తప్పదు. రెండు పెద్ద వాషింగ్ మెషీన్లు, ఒక ఇస్త్రీ బల్ల, గోడ పొడవునా కొక్కేలు, ఒక మడత కుర్చీ ఉన్న ఆ గదిలోనే మా పక్కింటావిడ ఉద్యోగం. బాస్కెట్‌బాల్ జట్టు జెర్సీలు ఉతకడం, చిరిగినవి కుట్టడం, ఆట రోజున ఎవరివి వారికి అందించడం ఆమె పని. జట్టంతా ఆమెను పిన్ని అంటుంది. ఆమె అక్క కొడుకు కూడా ఆ జట్టులోనే ఉన్నాడు. వాడి పిలుపే అందరికీ అంటుకుంది.

అక్క పోయేనాటికి వాడు చంక దిగని పిల్లవాడు. పెంచి పెద్ద చేసినది పిన్నే. ఎదుటి జట్టులో బాగా ఆడేవాణ్ణి అంటిపెట్టుకుని తిరిగి, వాడికి ఊపిరాడనివ్వకపోవడం ఈ అబ్బాయి విద్య. అందుచేత బంక అని పేరు పడింది. వాడు బంతిని బుట్టలో వేయగా చూసినవారు అరుదు. వాడి మూలాన ఎదుటివాడు వేయలేకపోవడాన్ని చూసినవారు ఇంకా అరుదు. జరగనిదాన్ని ఎవరు చూస్తారు?

పిన్నికి ఒక నియమం ఉంది. ఆమె జెర్సీలను కొక్కేలకు తగిలించి వదిలేయదు. ఆటకు ముందు డ్రెస్సింగ్ గది గుమ్మంలో నిలబడి ఒక్కొక్కరినే పిలుస్తుంది. పలికితేనే జెర్సీ చేతికి అందుతుంది. హాజరు పిలవడమంటే ఏమిటో నాలాగ బడిలో ఒక జీవితం గడిపినవారికి వేరే చెప్పనక్కరలేదు.

"బంక గారూ, తమరు వేంచేశారా?"

"ఉన్నా పిన్నీ, అంటుకునే ఉన్నా."

"ఆంబోతూ!"

"ఉన్నా పిన్నీ, గడ్డి తిని వచ్చా." ఈ మాట అనేవాడు జట్టులోకెల్లా భారీ మనిషి. గుమ్మంలో పట్టడానికి పక్కకు తిరగాలి.

ఈ ఆచారం ఆమె కల్పించినది కాదు. ఆమెకు ముందు ఆ గదిలో పనిచేసిన ముసలాయన అలాగే చేసేవాడు. ఎందుకు తాతా అని ఒకసారి అడిగితే, "తొడుక్కునేది మనిషేనని రూఢి చేసుకోవాలి గదమ్మా" అన్నాడట. హాస్యమాడాడని ఆమె నవ్వుకుంది. ఆయన మాత్రం నవ్వలేదట.

జట్టుకు వెలుగంతా ఒక్కడు. అభిమానులు అతనికి తారాజువ్వ అని పేరు పెట్టారు. పైకి లేస్తే దిగడం మరిచిపోయాడేమోననిపించేది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, పిన్ని పిలిస్తే "ఆఁ" అని మాత్రం అనేవాడు. ఆ అక్షరమైనా పలుకే కదా అని ఆమె జెర్సీ ఇచ్చేసేది.

ఆ ఏడు జట్టు వరుసగా ఓడిపోతూ వచ్చింది. అలాంటి ఒక ఓటమి తరువాత వరండాలో విలేకరులు మైకులు పట్టుకుని నిలబడ్డారు. పిన్ని బుట్ట చంకన పెట్టుకుని అటుగా వస్తోంది. ఆటగాళ్లు ఆమె వెనకే ఉన్నారు.

"నన్నేం చేయమంటారు చెప్పండి?" అన్నాడు తారాజువ్వ. "జట్టని పేరే గానీ, నా పక్కన ఎవరున్నారు? అటు చూస్తే ఎవరూ లేరు. ముందు మనుషుల్ని తెమ్మనండి. తర్వాత గెలుపు సంగతి నన్నడగండి."

విలేకరి మైకును కోచ్ వైపు తిప్పాడు. మెడలో విజిల్, భుజాన తెల్లటి తువ్వాలు, ఏళ్ల తరబడి అదే వాలకం ఆయనది.

"దాచడమెందుకండీ? అతనన్నది అక్షరాలా నిజం. బెంచీ వైపు తిరిగితే నాకు ఒక్క మనిషీ కనబడడు."

విలేకరులు నవ్వారు. ఆ మాట టీవీల్లో మారుమోగింది.

"ఉతకడం పిన్ని పనే అనుకున్నాం. వీళ్లు మనల్ని ఉతికి ఆరేశారు" అన్నాడు ఆంబోతు. ఎవరూ నవ్వలేదు.  బంక తన చేతుల వైపు ఒకసారి చూసుకున్నాడు.

తరువాతి ఆట రోజున పిన్ని ఒక పొరపాటు చేసింది. ఎవరూ లేరన్నవారి ఎదుటే ఈ పిల్లల చేత 'ఉన్నాను, ఉన్నాను' అనిపించడం పుండు మీద కారం చల్లినట్లవుతుందని ఆమెకు తోచింది. అందుకని పెందలాడే వెళ్లి, జెర్సీలన్నీ కొక్కేలకు తగిలించి, ఎవరినీ పిలవకుండా తన గదికి వచ్చేసింది. అది జాలికొద్దీ చేసిన పనే.

మెట్ల కింది ఆ గదిలోకి ఆట స్పష్టంగా వినిపిస్తుంది. చెక్క నేల మీద ఎవరి బూటు ఎలా కీచుమంటుందో ఆమెకు కొట్టినపిండి. ఆ సాయంత్రం ఎదుటి జట్టు బూట్లన్నీ వినిపించాయి. మన వైపు నుంచి ఒక్క జత మాత్రమే పరుగెత్తుతోంది. వాషింగ్ మెషీను శబ్దంలో మిగతావి కలిసిపోయాయేమోనని దాన్ని ఆపింది. అప్పుడూ ఒక్క జతే.

ఆట ముగిశాక బుట్ట వచ్చింది. తారాజువ్వ జెర్సీ చెమటతో తడిసి ముద్దయి ఉంది. మిగతావన్నీ పొడిగా ఉన్నాయి. ఆమె వేసిన ఇస్త్రీ మడత సైతం చెదరలేదు. బంక జెర్సీని ముఖానికి ఆనించుకుంటే సబ్బు వాసన తప్ప మరేదీ రాలేదు.

"ఇవాళ మీరెవరూ ఆడలేదేమిరా?"

"ఎందుకాడలేదు పిన్నీ? నాలుక బయటపెట్టి ఆడాం" అన్నాడు ఆంబోతు. అంతటి మనిషి గుమ్మంలోనే నిలబడి అన్నాడు. గొంతు మాత్రం గోడకవతల ఎవరో అన్నట్లు వినవచ్చింది.

అక్కడినుంచి ఒకదాని తరువాత ఒకటిగా వింతలు జరగసాగాయి. స్టేడియం ముందరి గాజు తలుపు మనిషి దగ్గరకు రాగానే తనంతట తాను తెరుచుకునేది. బంక వస్తే తెరుచుకోవడం మానేసింది. వెనక ఇంకెవరైనా వచ్చేదాకా వాడు దాని ముందు నిలబడవలసి వచ్చేది.

"బస్సులో కండక్టరు నన్ను టికెట్టే అడగట్లేదు పిన్నీ" అన్నాడు ఒకనాడు. "నా ఒళ్లోనే ఒకావిడ కూర్చోబోయింది. నేను దగ్గితే 'అమ్మో!' అని కేకేసి, ఖాళీ సీటు వైపు చూసినట్టు చూసింది."

"తమాషాలాడకురా."

"తమాషా అయితే బాగుండును."

పిన్ని ధైర్యంగానే ఉంది. లోకానికి కనబడకపోతేనేం, తనకు కనబడుతున్నాడు కదా అనుకుంది. ఆ ధైర్యం ఒక ఉదయం నీరుగారిపోయింది. వంట ముగించి, వడ్డించుకుని, ఆమె రెండు ముద్దలు తిన్నది కూడా. ఎదురుగా కుర్చీ కాళ్లు నేలకు రాసుకున్న చప్పుడైంది. తలెత్తి చూసేసరికి బంక అక్కడ కూర్చుని ఉన్నాడు. వాడి ముందు కంచం లేదు. ఆమె ఒక్క కంచమే పెట్టింది. మరిచిపోయానని అనుకోవడానికైనా వీలులేదు. రెండో కంచం పెట్టాలన్న ఊహే ఆమెకు కలగలేదు. అన్నం కూడా ఒక మనిషికి సరిపడానే వండింది.

"నువ్వు కూడానా పిన్నీ?" అన్నాడు వాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఆమె తన కంచాన్ని వాడి ముందుకు జరిపింది.

ఆ పూట ఆమెకు ముసలాయన మాట గుర్తుకు వచ్చింది. ఎవరూ లేరని నలుగురిలో అన్నవారు ఇద్దరు. ఆ మాటకు 'ఉన్నాం' అని బదులు పలకవలసిన పిల్లలను పిలవక వదిలేసినది తాను. పిల్లవాడు ఆ సందులోంచి జారిపోతున్నాడు. ఇక ఆమె ఒక్కతే పిలిస్తే చాలదు. తానే ఒక పూట వాణ్ణి మరిచిన మనిషి. లేరన్న నోటితోనే పిలిపించాలి.

తరువాతి ఆటనాటి మధ్యాహ్నం ఆమె బుట్టతో డ్రెస్సింగ్ గది గుమ్మంలో నిలబడింది. లోపల తారాజువ్వ ఒక బల్ల మీద కూర్చుని ఉన్నాడు. మిగతా బల్లల మీద మసక వెలుతురు తప్ప మరేమీ ఆనలేదు. కళ్లు చికిలించి చూస్తే ఒకచోట మోకాలు, ఒకచోట బూటు లేసులు ముడివేస్తున్న వేళ్లు పొడకట్టి మాయమవుతున్నాయి.

"పిన్నీ, టైమవుతోంది. జెర్సీలిచ్చి వెళ్లు" అన్నాడు కోచ్.

"ఇవాళ నేనివ్వను బాబూ. మీరిద్దరూ పేరు పేరునా పిలిచి ఇవ్వాలి."

"మతి పోయిందా నీకు?"

"మతి ఎక్కడికీ పోలేదు. పిల్లాడు పోతున్నాడు."

 తారాజువ్వ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు. అతని ముఖం పాలిపోయి ఉంది.

"బుట్ట ఇలా ఇవ్వు పిన్నీ" అన్నాడు నెమ్మదిగా. "మొన్న ఆటలో బంతి అందిద్దామని తిరిగాను. అక్కడ ఎవరూ లేరు. తిడదామన్నా ఎవరూ లేరు. అంత పెద్ద మైదానంలో నేనొక్కణ్ణే. నాకు భయమేసింది."

"నాటకాలు!" అన్నాడు కోచ్. "అన్నమాట వెనక్కి తీసుకునే మనిషిని కాను నేను. ఈ తంతు మీరే కానివ్వండి." వరండాలోకి పోయి, చేతులు కట్టుకుని, ఇటు వీపు పెట్టి నిలబడ్డాడు.

తారాజువ్వ మొదటి జెర్సీ తీసి, "ఆంబోతూ" అని పిలిచాడు.  కొంతసేపటికి ఎక్కడో లోతునుంచి, "ఉన్నా" అని వినబడింది. మరుక్షణంలో ఆ భారీ శరీరం బరువుగా ఆనడంతో బల్ల కిర్రుమంది. ఒక్కొక్కరూ అలాగే పలికారు. పలికినవారు పలికినట్లు కళ్లకు ఆనసాగారు.

చివరికి బంక జెర్సీ మిగిలింది. తారాజువ్వ దాన్ని చాచి పట్టుకుని నోరు తెరిచి, ఆగిపోయాడు.

"పిలువు నాయనా" అంది పిన్ని.

"వీణ్ణి నేనెప్పుడూ పిలవలేదు పిన్నీ. ఒరేయ్ అని కూడా అనలేదు. ఏమంటారో నాకు తెలీదు."

పిన్ని చెప్పబోయింది. నోటిదాకా వచ్చిన పేరు నాలుక మీదికి రాలేదు. తాను పెంచిన పిల్లవాడి పేరు! 

తారాజువ్వ కళ్లు మూసుకున్నాడు. తడుముకుంటున్నట్లు మాట్లాడాడు. "నేను వదిలేసినవాణ్ణి వెనకనుంచి ఎవడో వచ్చి పట్టుకునేవాడు. ప్రతిసారీ. నేను వెనక్కి తిరిగి చూసేవాణ్ణి కాదు, వాడున్నాడని తెలుసు గనక. నేను కిందపడితే ఒక చెయ్యి లేపేది. అరచేయి గరుగ్గా ఉండేది. ఆ చెయ్యిగలవాడా... ఉన్నావా?"

 అతను పట్టుకున్న జెర్సీ కొస కొద్దిగా కదిలింది. తరువాత ఎవరో అవతలినుంచి లాగినట్లు బిగిసింది.

"ఉన్నా" అన్న మాట వినబడింది. ఆపైన, పాత అలవాటు చొప్పున, "అంటుకునే ఉన్నా."

జెర్సీలోంచి ముందు తల, తరువాత నవ్వు బయటికి వచ్చాయి.

ఆ సాయంత్రం వారు గెలిచారని రాయాలని నాకూ ఉంది. గెలవలేదు. కానీ బుట్ట మోయలేనంత బరువుగా వచ్చింది. పిన్ని బంక జెర్సీని పిండితే చెమట ధారగా కారింది. ఆమె దాన్ని వెంటనే ఉతకలేదు. ఒళ్లో పెట్టుకుని మడత కుర్చీలో చాలాసేపు కూర్చుంది.

బుట్ట అడుగున కోచ్ తువ్వాలు ఉంది. అది పొడిగా, పెట్టిన మడత పెట్టినట్లే ఉంది. ఆట మధ్యలో రిఫరీ వచ్చి, "మీ కోచ్ ఎక్కడ?" అని అడిగాడట. బెంచీ చివర నిలబడ్డారు కదా అని ఆటగాళ్లు అటు చూపించబోయి, అక్కడెవరూ కనబడక చేతులు దించుకున్నారట. ఇప్పుడు వేరే కోచ్ వచ్చాడు. పాతాయన ఎప్పుడు వెళ్లిపోయాడని అడిగితే ఒకరు చెప్పిన మాట మరొకరు చెప్పరు. ఆఫీసువారైతే ఆ ఉద్యోగం చాలాకాలంగా ఖాళీగానే ఉందంటారు.

పిన్ని ఆ తువ్వాలును ఒక కొక్కేనికి తగిలించింది. ఆట రోజున జెర్సీలన్నీ ఇచ్చేశాక, వెనక్కి వచ్చి, ఆ కొక్కెం ముందు నిలబడి, "కోచ్ గారూ" అని పిలుస్తుంది. కాసేపు చెవి ఒగ్గి వింటుంది.

"ఆయన సంగతెందుకు పిన్నీ నీకు?" అంటాడు బంక.

"అనరాని మాటే అన్నాడు. అయితే మాత్రం, ఒక తల్లి కన్న బిడ్డే కదరా. పలికితే ఇచ్చేద్దాం."

మొన్న ఆ తువ్వాలు ఒక కొస తడిగా ఉందట. ఆ కొక్కెం దాకా మెషీన్ల నీళ్లు చిమ్మవు. ముక్కుకు ఆనించుకుంటే ఉప్పు చెమట వాసన వేసిందట. పిన్ని దాన్ని ఉతకలేదు. ఈసారి ఇంకాస్త గట్టిగా పిలిచిందట.