అరిసెంత జాగలో మూడు గుండ్లు

"అత్త పోయింది. తుపాకి ఏం జేద్దాం?" అని అన్న ఫోన్‌లో ఒక్క గుక్కలో అడిగాడు.

అప్పుడు నేను కాజీపల్లిలో, నేను పనిచేసే ఫార్మా కంపెనీ ల్యాబ్‌లో ఉన్నాను. మా మేనత్త పొద్దున చాయ్ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, మంచం మీద ఒరిగి, ఇక లేవలేదట. అన్న ప్రశ్నకు నాకు కోపం రాలేదు. లైసెన్సున్న మనిషి పోతే తుపాకి ఇంట్లో ఉంచకూడదు, ఠాణాలో అప్పజెప్పాలి. కోపం వచ్చింది ఆ తర్వాతి మాటకు. "ఇగ చేను గూడ అమ్మేద్దాం. పందులతోని ఎవడు కొట్లాడుతడు?"

ఎవరు కొట్లాడారో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

అత్త మా నాన్నకు చెల్లెలు. పిల్లలు లేరు. చిన్న వయసులోనే మామ పోతే పుట్టింటికి తిరిగొచ్చి, తాత ఇచ్చిన రెండెకరాలు చేసుకుంది. చిట్కుల్ దాటాక ఉంటుంది ఆ చేను. మూడు దిక్కులా రియల్ ఎస్టేట్ వెంచర్ ప్లాట్లు, నాలుగో దిక్కున కార్మికుల కిరాయి గదుల వరుస. ప్లాట్లు కొన్నవాళ్లు ఇళ్లు కట్టలేదు, సర్కారు తుమ్మ పెరిగింది, అందులో అడవిపందులు కాపురం పెట్టాయి. మక్కజొన్న పాలు పట్టే వేళకు మందగా వచ్చి తిన్నది తిని, తిననిది తొక్కిపోతాయి. పక్క చేన్లవాళ్లు ఒకరి తర్వాత ఒకరు విసిగి అమ్ముకున్నారు. అత్త అమ్మలేదు. వెంచర్ మనుషులు వస్తే చాయ్ పోసేది, కుర్చీ వేసేది, మాట మాత్రం కదలనిచ్చేది కాదు.

"పైసలకు అమ్మిన్నంటే ఒక తీరు. పందులకు జడిసి అమ్మిందంటరు. గా మాట నా మీద పడనియ్య," అనేది.

తాత పోయాక పంట కాపలా తుపాకి లైసెన్సు ఆమె పేరు మీదికి మారింది. ఆడమనిషికి తుపాకి ఏందని ఊరు నవ్వింది. "పందిని అడుగుండ్రి, కాల్చింది ఆడదా మొగోడా అని," అన్నదట.

అది పాతకాలపు తుపాకి. తూటాలు ఉండవు. గొట్టం మూతిలోంచి మందు పోసి, బట్టలో చుట్టిన సీసపు గుండు పెట్టి, కడ్డీతో దట్టించాలి. మందు ఎక్కువైతే గుండు ఒక దారి పడుతుంది, తక్కువైతే ఇంకో దారి. ఏ పాళ్లు కుదిరితే గుండు చెప్పినచోట పడుతుందో వెతికి పట్టుకోవాలి. "దీని నోటికి ఏది సయిస్తదో ఇదే జెప్తది. మనం ఓపిగ్గ అడగాలె," అనేది అత్త.

అడిగి తెలుసుకున్నాక కూడా ఆ జవాబు నిలిచేది కాదు. మన దగ్గర ఎన్నికలొస్తే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో జమ చేయాలి. పంచాయతీ, అసెంబ్లీ, పార్లమెంటు, ఏదో ఒకటి సరిగ్గా మక్క కంకి పట్టే వేళకే వచ్చేది. అత్త తుపాకిని పాత దుప్పట్లో చుట్టి, ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని పోయేది. ఒకసారి నేనూ వెంట ఉన్నాను.

"సారూ, గీ కోడ్ మనుషులకేనా, పందులకు గూడనా?" అని అడిగింది.

రాసుకుంటున్న పోలీసాయన తల ఎత్తలేదు. "పందులు ఓటేసినంక వస్తయి తియ్యవ్వా."

"మరి గట్లనే రాసియ్యి. సంతకం వెట్టి."

ఆయన నవ్వాడు. అత్త నవ్వలేదు. ఆ ఏడాది పందులు ఓటు దాకా ఆగలేదు, సగం చేను పోయింది. మళ్లీ మక్కనే వేసింది.

కౌంటింగ్ అయ్యాక తుపాకి తిరిగొచ్చేది, ఠాణా మూలలో చెమ్మ తాగి. గొట్టం తుడిచి, నూనె పట్టించి, గురి మళ్లీ మొదటి నుంచి వెతుక్కునేది. ఎండిపోయిన బావి దగ్గరి మట్టిదిబ్బకు పాత చెక్క ఆనించి, దాని మీద సున్నంతో బొట్టు పెట్టేది. కార్మికుల గదులు ఎప్పుడూ వీపు వెనకే ఉండాలి. మూడు గుండ్లు కాల్చేది, పోయి చూసేది, వచ్చి ఏదో ఒక్కటే మార్చేది.

ఒక ఏడాది ఏం చేసినా కుదరలేదు. ఆదివారం నేను వెళ్లేసరికి మొహం మాడ్చుకుని గట్టు మీద కూర్చుంది.

"కోడలా, మీ ల్యాబ్‌ల లెక్క తప్పితే ఏం జేస్తరు?"

"ఒకటి మార్చి, మిగతావన్నీ అట్లనే ఉంచి మళ్లా చూస్తం అత్తా."

"గదే జేస్తున్న. మందు మార్చిన, గుండ్లు మళ్ల పోసిన. అయినా రొట్టెంత జాగల చెదురుతున్నయి. నాకు అరిసెంత జాగల పడాలె."

ఇద్దరం కూర్చుని మారినవీ మారనివీ మాట్లాడుకున్నాం. చివరికి బట్ట దగ్గర ఆగాం. అన్నేళ్లూ గుండు చుట్టడానికి మామ నూలు ధోతులు చింపుకునేది. అవి అయిపోయాయి. ఇప్పుడు వాడుతున్నది ఎన్నికల్లో ఇంటింటికీ పంచిన పాలిస్టర్ చీర. చేతిలోకి తీసుకుంటే జర్రున జారుతోంది. కాల్చాక దొరికిన ముక్కలు చూస్తే అంచులు కరిగి ముద్దకట్టాయి. నా నూలు చున్నీ చింపి ఇచ్చాను. మూడు గుండ్లు పోయి సున్నం బొట్టు చుట్టూ దగ్గర దగ్గరగా కూర్చున్నాయి.

అత్త ఆ చీరను దూరంగా విసిరేసింది. "ఓటుకూ పనికిరాలే, గుండుకూ పనికిరాలే. ఇగ ఇల్లు తుడువనీకి గూడ వద్దు."

అరిసెంత జాగ కోసం అంత పట్టు ఎందుకని మీరు అడగవచ్చు. పంది పెద్దది, కాస్త అటు ఇటైనా తగులుతుంది కదా అని నేనూ అడిగాను. అత్త గదుల వైపు చూపించింది. తీగల మీద బిహార్, ఒడిశా పిల్లల చొక్కాలు ఆరుతున్నాయి. "గురి తప్పితే పంది బతుకుతది. గోడ అవతల మనిషి పోతడు."

పందులను కాల్చడానికి పంచాయతీ నుంచి అనుమతి కాగితం చేతికొచ్చిన ఒక సీజన్లో, తెల్లవారుతుండగా పెద్ద మగపంది చేన్లోకి వచ్చింది. అత్త మంచె మీద తుపాకి ఎత్తి పట్టుకుని ఉంది. పంది సరిగ్గా గదులకూ ఆమెకూ మధ్య నిలబడి కంకులు నమిలింది. అది పక్కకు జరుగుతుందేమోనని ఆమె చూసింది. జరగలేదు. తుపాకి దించేసింది. చాయ్ కొట్టు దగ్గర ఎవరో అన్నారు: "ఏందవ్వా, తుపాకి వట్టుకొని పందికి దండం వెట్టినవట?"

"వెట్టిన," అన్నది అత్త. "గోడెనక పసిపోరడు ఏడుస్తుండె. రేపు గూడ వెడ్త. ఎల్లుండి గూడ వెడ్త. చేను మాత్రం ఇడువ."

నాకు అన్నిటి మీదా అనుమానాలే. అసలు ఆ పందులది తప్పా అని ఒకసారి అడిగాను. వాటి పొదలు కొట్టి ప్లాట్లు చేసింది మనుషులే కదా, చంపే హక్కు మనకెక్కడిది? పందిని కాల్చిన రోజు అత్త ముద్ద ముట్టేది కాదని నాకు తెలుసు.

"అడుగు," అన్నది. "గట్లనే అడుగుతుండు. అనుమానం లేనోని చేతికి తుపాకి ఇయ్యొద్దు కోడలా. వాడు ఊకెనే కాలుస్తడు."

నా అనుమానాలను అందరూ జబ్బులా చూశారు, మా ఇంట్లోవాళ్లతో సహా. అదొక అర్హత అని చెప్పింది ఆమె ఒక్కతే.

దినాలయ్యాక అన్న వెంచర్ కాగితాలు తెచ్చాడు. అత్త తర్వాత ఆ చేను మా ఇద్దరిదీ. నా సగం అమ్మనని, వానలు పడగానే మక్క వేస్తానని చెప్పాను.

"నువ్వా?" అన్నాడు. "కండ్లద్దాలు తీస్తే కంచంల అన్నం కనవడదు నీకు. తుపాకి వడ్తవా?"

"అద్దాలు పెట్టుకునే పడ్త."

"లైసెన్సు రాకపోతే?"

"డబ్బా కొడ్త. కంచె కడ్త. పోయినకాడికి పోనీ, మళ్లా ఏస్త."

"అత్త లెక్కనే మొండిదానివైనవ్," అన్నాడు. కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు గానీ చింపలేదు. ఆయన ఇంకా అడుగుతాడు. నేను ఇంకా కాదంటాను.

తుపాకిని ఠాణాలో అప్పజెప్పి, వారసురాలిగా నా పేరు మీద లైసెన్సుకు సంగారెడ్డిలో దరఖాస్తు పెట్టాను. వస్తుందో రాదో తెలియదు. వస్తే నేను నిజంగా ఒక ప్రాణం మీద గురి పెట్టగలనో లేదో, అదీ తెలియదు. తెలియకుండానే దున్నించాను. తెలియకుండానే విత్తించాను.

ట్రాక్టర్ వెళ్లిపోయాక, పొద్దు వాలుతుండగా, తుమ్మల్లోంచి ఒక ఆడపంది బయటికొచ్చింది. వెనక చారల పిల్లలు, తల్లి ఆగితే ఆగుతూ, కదిలితే కదులుతూ. అది కొత్తగా తిరగేసిన మట్టిని వాసన చూసి తల ఎత్తింది. నా చేతుల్లో ఏమీ లేదు, చెప్పులు కూడా గట్టు మీదే ఉన్నాయి. నేను అడుగు వెనక్కి వేయలేదు. అదీ వేయలేదు. మా మధ్య దున్నిన తడి నేల, అందులో ఇంకా మొలకెత్తని మక్క.