డ్రిల్లు సారు ఎర్రపుంజు

రిటైరైన డ్రిల్లు సారు కోరుట్ల శివారులో పది గుంటల్లో జామచెట్లు, కోళ్లు పెంచేవారు. అమ్మడానికి కాదు, సంబురానికి. పొద్దున్నే ఎర్రపుంజును చంకలో పెట్టుకుని చెట్టుచెట్టుకూ తిరిగేవారు.

ఏటా కోతపండుగకు ఆ పుంజునే చర్చికి కానుకగా తెచ్చేవారు. ఆరాధన అయ్యాక కానుకలు వేలం వేస్తే, అందరికన్నా ఎక్కువ పాడి మళ్లీ దాన్నే ఇంటికి తీసుకుపోయేవారు.

"దేవునికి చూపిచ్చి తీస్కపోతున్నరా సారూ?" అని మా అమ్మ ఎగతాళి చేసేది. సారు నవ్వేవారు.

తెలంగాణ ఉద్యమంలో ఒక రోజు జగిత్యాల రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నాం. సారు వచ్చి, పుంజును వంటాయనకు అందియ్యబోతూ, "కొయ్యిండ్రి" అన్నారు.

కొడుకును బలియ్యబోయిన అబ్రాహాము చేతిని దేవదూత ఆపిన బైబిలు వాక్యం నాకు కంఠతా వచ్చు. ఆ ధైర్యంతోనే సారు చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు సారూ, పప్పున్నది గద."

ఆయన మెల్లగా చెయ్యి విడిపించుకుని పుంజును వంటాయనకిచ్చారు. పుంజు అరుపు ఆగిపోయింది. సారు ఖాళీ చంకను తడుముకున్నారు.

"ఇన్నేండ్లు దేవునికిచ్చి మళ్ల గుంజుకున్న బిడ్డా. గీడ వేలంపాట లేదు. గందుకే గీడికి తెచ్చిన."