బకెట్లో కలువ

మొక్కల నర్సరీలో కలువ తొట్టి దగ్గర బురద వాసన తగిలితే నేను ఇప్పటికీ ఆగలేను, బయటికి వచ్చేస్తాను.

రాయపూర్ దేవేంద్ర నగర్‌లో ఉండగా అమ్మ సిమెంటు తొట్టిలో కలువను పెంచేది. నా ఏడో ఏట తమ్ముడికి డెంగీ వచ్చి, అమ్మ వాడితో ఆసుపత్రిలో ఉండిపోయింది. "మచ్ఛర్లన్నీ ఇందులోనే పుట్టాయి," అంటూ నాన్న దోమల మీది కోపంతో తొట్టి బోర్లించి, దుంపను గోడవతల పారేశాడు. అమ్మ బాధపడుతుందని నేను దాన్ని తెచ్చి, పెరటి మూల బకెట్లో నాటాను.

వారానికి తమ్ముడు పోయాడు. మర్నాడు అమ్మను బకెట్ దగ్గరికి లాక్కెళ్లాను.

"చూడమ్మా, కొత్త ఆకు! చేపపిల్లలు కూడా పుట్టాయి."

నీళ్లలో మెలికలు తిరుగుతున్నవి దోమపిల్లలని నాకు తెలియదు. అమ్మ చాలాసేపు వాటినే చూసింది. తర్వాత బకెట్ ఒంపేసి, నా చేతులు సబ్బుతో కడిగింది.

ఆ బకెట్ సంగతి అమ్మ నాన్నకు చెప్పనేలేదని పెద్దయ్యాక తెలిసింది. నేనూ చెప్పలేదు.