నాలుగు సూదులు, ఒక నల్ల మార్కరు

నలభై ఏడేళ్ళుగా రోజూ డైరీ రాస్తున్నాను. ఎండా వానా, వచ్చినవాళ్ళూ పోయినవాళ్ళూ, చివరికి మా వీధి కుళాయిలో నీళ్ళు ఎన్ని గంటలకు వచ్చాయో కూడా అందులో ఉంటుంది. ఇన్ని పేజీల్లో ఒక్క పేజీ చుట్టూ మాత్రం ఎర్ర గీత ఉంది. అది తెరిస్తే నాకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. ఆ రోజు నేను సాక్షాత్తూ శివుడి పెళ్ళికి అడ్డం పడ్డాను. నా ఆయుధం కత్తి కాదు, కర్ర కాదు. పచ్చడి జాడీల మీద పేర్లు రాసే నల్ల మార్కరు.

జరిగి మూడేళ్ళయింది. అప్పటికి నాకు అరవై తొమ్మిది. కుర్రతనం అనుకోండి. డెబ్భై దాటాకే కదా మనిషికి నిలకడ వచ్చేది!

నేను పోస్టుమాస్టరుగా రిటైరయ్యాను. తేదీ ముద్ర పడని కాగితం నా లెక్కలో కాగితమే కాదు. మా ఇంట్లో కందిపప్పు డబ్బా మీద కూడా కొన్న తేదీ ఉంటుంది. "నా వీపు మీద కూడా పెళ్ళి తేదీ రాసే ఉంతారు, అద్దంలో సూసుకోవాలి" అంటుంది మా ఆవిడ కామాక్షి.

మేముండేది విజయనగరంలో. సొంతూరు చీపురుపల్లి దగ్గర. ఆ ఊరి శివాలయంలో ఏటా వైశాఖంలో కల్యాణం జరుగుతుంది. పీటల మీద కూర్చునే హక్కు మా పన్నెండు కుటుంబాలది, ఏడాదికొకరు. అంటే నా వంతు పన్నెండేళ్ళకోసారి. నా యాభై ఏడో ఏట వంతు వచ్చింది గానీ, సరిగ్గా వారం ముందు మా నాన్నగారు పోయారు. మైల. పీట తప్పిపోయింది. కామాక్షి అప్పుడు కొనుక్కున్న పట్టుచీరను మడత విప్పకుండా బీరువాలో పెట్టి, పన్నెండేళ్ళు కాపలా కాసింది. మళ్ళీ తప్పితే నాకు ఎనభై ఒకటి. అప్పటికి పీట మీద నేను కూర్చుంటానో, నా ఫొటో కూర్చుంటుందో ఎవరు చెప్పగలరు?

నా తరవాతి వంతు మా చిన్నాన్న కొడుకు సూరిబాబుది. వాడికి ఏడాది ఆగడం కష్టంగా ఉండేది. ఫోను చేసినప్పుడల్లా "అన్నియ్యా, ఒంట్లో బాగున్నాదా?" అని అడిగేవాడు. బాగుందంటే కాస్త డీలాపడేవాడు.

కల్యాణానికి ముందురోజే డాక్టరు దగ్గర అపాయింట్‌మెంటు. అది నాలుగు నెలల కిందట పెట్టుకున్నది. వయసు మళ్ళినవాళ్ళు ఏ టీకాలు వేయించుకోవాలో పేపర్లో వస్తే, కత్తిరించి డైరీలో అంటించుకున్నాను. నెలకొకటి చొప్పున నాలుగు నెలలకు నాలుగు అని ప్రణాళిక వేశాను. దానికి ఒక పట్టిక. పట్టికకు ఒక నకలు.

డాక్టరమ్మ పట్టిక చూసి నవ్వింది.

"నాలుగుసార్లు తిరగడం దేనికండీ? నాలుగూ ఇవాళే వేసేయొచ్చు. రెండు ఈ చేతికి, రెండు ఆ చేతికి."

నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను.

"నాలుగా! ఒకేసారా! లోపల ఒకదానితో ఒకటి తగువు పడవా?"

"పడవు. దేని పని దానిదే. ఒకటి రెండు రోజులు చేతులు నొప్పిగా ఉంటాయి, కాస్త జ్వరం కూడా రావచ్చు. రేపు బరువు పనులేమైనా ఉన్నాయా?"

"బరువా! పీట మీద కూర్చోవడమేనండీ" అన్నాను, ఛాతీ పొంగించి.

అన్నానా? ఆ ముక్క గుర్తుపెట్టుకోండి.

నర్సు నాలుగు సూదులూ పొడిచింది. ఎడమ చేతికి ధనుర్వాతం, న్యుమోనియా. కుడి చేతికి ఫ్లూ, సర్పి. ఒక్కో చేతి మీద రెంటికీ మధ్య అంగుళం ఎడం. రెండో సూదికి నేను అరిచానని ఆ అమ్మాయి అందిగానీ, నా డైరీలో అలాంటి నమోదు లేదు.

"అమ్మా, రేపు ఒకచోట వాచిందనుకో. అది ఏ టీకా తాలూకు వాపో నాకెలా తెలుస్తుంది?"

"తెలిస్తే ఏటి సేస్తారు మేష్టారూ?"

"డైరీలో రాస్తాను."

ఆమె నా ముఖంలోకి చూసింది. అరగంట అక్కడే కూర్చుని వెళ్ళమంది. ఆ అరగంటే నన్ను ముంచింది. సంచిలో మార్కరు ఉంది. ఎడమ చేతి మీద ఒక్కో సూదిపోటు చుట్టూ ఒక గుండ్రం చుట్టి, పక్కన అంకె వేసి, కింద జబ్బు పేరు, ఆ కింద తేదీ రాశాను. అచ్చం తపాలా ముద్రే! చాలా ఏళ్ళకు నా చేతికి పని దొరికిన ఆనందం కలిగింది. కుడి చేతి మీద రాయడానికి నా ఎడమ చెయ్యి ఒప్పుకోలేదు. నర్సును బతిమాలాను.

"రాస్తే రాస్తాను గానీ, ఇది నీళ్ళకి పోదు మేష్టారూ. వారం ఉంతాది."

"పోకూడదనే కదమ్మా ఈ పెన్ను కొన్నది!"

ఆమె ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. ఊళ్ళో నా పరువు పోవడానికి ఆ దస్తూరీ కూడా ఒక కారణం. అంత బాగా రాయకపోతే ఎవరూ చదవలేకపోయేవారు.

ఇంటికొచ్చి కామాక్షితో "టీకా వేయించుకున్నాను" అన్నాను. ఎన్ని అని ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. తెల్లారేసరికి రెండు చేతులూ రోకళ్ళయ్యాయి. ఒంట్లో వెచ్చగా ఉంది. మాత్ర వేసుకుని, కామాక్షికి తెలియకుండా చొక్కాలోకి దూరడానికి నేను చేసిన విన్యాసాలు సర్కసులో చేస్తే టిక్కెట్టు పెట్టవచ్చు. పీటల సామాను జాబితా డైరీలోంచి మూడుసార్లు సరిచూసుకున్నాను. పంచె, ఉత్తరీయం, దర్భలు, నెయ్యి, మొత్తం ఇరవై మూడు వస్తువులు. ఆ జాబితాలో చొక్కా లేదు. ఎందుకు లేదని నేను ఆలోచించలేదు. జాబితాలో లేని వస్తువు గురించి ఆలోచించే అలవాటు నాకు లేదు.

గుడి మండపంలో కామాక్షి పన్నెండేళ్ళ చీరలో పెళ్ళికూతురిలా నిలబడింది. పూజారి గారు అన్నారు.

"మేష్టారూ, చొక్కా తీసి, ఉత్తరీయం నడుముకి కట్టుకుని రండి."

కామాక్షిని గబగబా స్తంభం వెనక్కి లాక్కెళ్ళి చొక్కా విప్పాను. ఆమె చూసింది. నోరు తెరిచింది.

"ఏటండీ ఇది! ఒంటి మీద రోగాల జాబితా ఏటండీ!"

"జాబితా కాదు, టీకాలు. నాలుగూ ఒకేసారి."

"నాలుగా! సొరకాయ మీద లెక్కరాసినట్టు రాసుకున్నారేటి?"

కొంగు తడిపి రుద్దింది. పోలేదు. దీపం దగ్గరి కొబ్బరినూనె రుద్దింది. అక్షరాలు నిగనిగలాడాయి. పసుపు రాసింది. పసుపు మీద నలుపు ఎంత స్పష్టంగా కనిపిస్తుందో రోడ్ల మీద బోర్డులు రాసేవాళ్ళకు తెలుసు. మాకు అప్పుడే తెలిసింది. చివరికి తట్టలోని విభూతి రెండు గుప్పిళ్ళు తీసి, భుజం నుంచి మోచేతిదాకా సున్నం కొట్టినట్టు కొట్టేసింది. వాచిన చేతుల మీద ఆమె చెయ్యి పడ్డప్పుడల్లా నాకు కైలాసం కనిపించింది.

అలా తెల్లటి చేతులతో పీట మీదికి వెళితే, పూజారి గారు చేతులు జోడించారు. "ఏం భక్తండీ!" అన్నారు. సూరిబాబు మాత్రం ముందు వరసలోంచి మెడ సాచి చూశాడు.

వైశాఖం ఎండ, చుట్టూ దీపాలు, జనం. దానికి తోడు పొద్దున వేసుకున్న మాత్ర పని మొదలుపెట్టింది. జ్వరం దిగుతోంది, చెమట కారుతోంది. భుజాల మీది విభూతి చారలు చారలుగా జారిపోతోంది. ముందు ఒక గుండ్రం బయటపడింది. తరవాత అంకె. తరవాత 'ధ'.

ఇక్కడ మా ఊరి అలవాటొకటి చెప్పాలి. కల్యాణంలో సంకల్పానికి ఎవరి పేర్లు, గోత్రాలు, కోరికలు వాళ్ళు చీటీ మీద రాసిస్తారు. పూజారి గారు వాటిని మైకులో చదువుతారు. ఆయన చూపు సరిగా ఆనకపోవడంతో ఇరవై ఏళ్ళుగా చీటీని ముక్కుకి ఆనించి మరీ చదువుతున్నారు. ఏ చీటీలో ఏముందని ఏనాడూ అడగలేదు. రాసిచ్చింది చదవడమే.

నా గోత్రం ఆయనకు కంఠతా వచ్చు, చెప్పేశారు. మా ఇద్దరి పేర్లూ చెప్పారు. తరవాత కోరికల చీటీ కోసం నా చేతుల వైపు వంగారు. చెయ్యి మీదే రాసి ఉంది. ఎంత ముందుచూపున్న యజమాని అనుకున్నారేమో! నేను చెయ్యి లాక్కుందామంటే రోకలి కదలదు. ఆయన ముక్కు నా భుజానికి ఆనింది. మైకు ఆయన నోటి దగ్గరుంది. నాలుగు లౌడ్‌స్పీకర్లు ఊరికి నాలుగు వైపులా ఉన్నాయి.

"ధనుర్వాత... న్యుమోనియా..." ఇటు తిరిగారు. "ఫ్లూ... సర్పి... ప్రభృతి సమస్త రోగ నివారణార్థం..."

సన్నాయి ఆగిపోయింది. డోలువాడు డోలుతో సహా రెండడుగులు వెనక్కి జరిగాడు. ముందు వరస ఆడవాళ్ళు కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు.

"నాలుగు రోగాలా!"

"అన్నీ ఒక్కడికేనా!"

సూరిబాబు ఒక్క గంతులో వచ్చి నా నుదుటి మీద చెయ్యి వేశాడు.

"బాబోయ్, వెచ్చగా ఉన్నాది! లెగు అన్నియ్యా. రోగంతో పీటలెక్కకూడదు. నాను కూకుంతాను."

వాడు ఉత్తరీయం అప్పటికే నడుముకి కట్టుకుని ఉన్నాడు. నేను గమనించాను. డైరీలో కూడా రాశాను.

"ఒరే, ఇవి నాకున్నవి కావురా! నాకు రాకూడనివి!" అని మైకులోనే అరిచాను.

"రాకూడనివైతే ఒంటి మీదెందుకు రాసుకున్నావు?"

అంత సూటి ప్రశ్న నా సర్వీసులో ఏ ఇన్‌స్పెక్టరూ అడగలేదు. పక్కకి చూశాను. కామాక్షి ఏడవడం లేదు, తిట్టడం లేదు. రెండు చేతులతో పీట అంచులు గట్టిగా పట్టుకుని కూర్చుంది. "పన్నెండేళ్ళండీ" అంది, నాకొక్కడికే వినిపించేలా. చూస్తున్నారా, అప్పటిదాకా నాకు సిగ్గు మాత్రమే ఉంది. ఆ మాటతో భయం పట్టుకుంది. ఈమెను రెండోసారి కూడా పీట మీద నుంచి లేపేస్తానా?

అప్పుడు స్తంభానికి చేరబడి కూర్చున్న మా మేనత్త నరసమ్మ కర్ర నేలకేసి కొట్టింది. ఆవిడకు ఎనభై ఎనిమిది. గుడిలో ఆవిడ మాటకు పూజారి కూడా ఎదురు చెప్పరు.

"ఒరే సత్తిబాబూ, ఇలగ సూపించు."

చూపించాను. ఆవిడ గుండ్రాలు లెక్కపెట్టింది. తరవాత తన కొంగు పక్కకు తీసి భుజం చూపించింది. ముడతల మధ్య గుండ్రటి పాత మచ్చ.

"సిన్నప్పుడు మసూచికి టీకాలేసినారు. నాకుంది. ఒరే సూరీ, నీకూ ఉన్నాది, సూపించు! ఆ రోగం మనకొచ్చిందేటి? రాలేదు. రాకుండా ఏసినారు. ఈడికీ అంతే. కాకపోతే మనం పేరు రాసుకోలేదు. ఈడు పోస్టాపీసోడు గనక ముద్దరేసుకున్నాడు."

మండపంలో ఉన్న ముసలివాళ్ళంతా తమ భుజాలు తడిమి చూసుకున్నారు. అందరికీ మచ్చలున్నాయి. ఎవరో ముందు నవ్వారు. తరవాత ఎవరు నవ్వలేదో చెప్పడం తేలిక. నేనూ, సూరిబాబూ.

"ఇంకేటి సూస్తారు? వాయించండి!" అంది అత్త.

సన్నాయి మళ్ళీ మొదలైంది. పెళ్ళి జరిగింది. కానీ తలంబ్రాల పళ్ళెం పైకెత్తి జనానికి చూపించాల్సిన వేళకు నా చేతులు బొడ్డు దాటి పైకి లేవలేదు. అత్త మళ్ళీ కర్ర కొట్టింది.

"ఒరే సూరీ, ఎనకనించి ఆడి మోచేతులు పట్టుకో!"

అలా కల్యాణం అయ్యేవరకూ వాడు నా వెనక నిలబడి నా మోచేతులు మోశాడు. "అన్నియ్యా, పీట నీది, మోత నాదీనా?" అని గొణిగాడు. నా మీద కోపమో ఏమో, కావాలనే ఫ్లూ దగ్గర గట్టిగా నొక్కాడు. కామాక్షి మాత్రం వెలిగిపోయింది. ఆ రోజు ఫొటోలో ఆమె ముఖం చూడాలి. నా చేతులు చూడకండి.

ఏడాది తిరిగింది. సూరిబాబు వంతు. వాడు చొక్కా విప్పాడు. చేతులు శుభ్రంగా ఉన్నాయి. చెవిలో అడిగాను.

"వేయించుకున్నావా?"

"నెల కిందటే, నాలుగూ ఒకేసారి. ఎవరికీ సెప్పకు. రాసుకోలేదు, నా సేతులు పోస్టు డబ్బాలు కావు."

పూజారి గారు వాడి గోత్రం చదివారు. ఎడమ భుజం దగ్గర ముక్కు పెట్టి చూశారు, కుడి భుజం చూశారు. ఏమీ లేదు. ఆయన ముఖం వాడిపోయింది. అప్పుడు జనంలోంచి నరసమ్మత్త గొంతు వినిపించింది.

"ఆ నాలుగూ సదవండి బాబూ! పోయినేడు సదివినారు, ఊరంతా సల్లగా ఉన్నాది."

ఆయన కళ్ళు మూసుకుని కంఠతా అందుకున్నారు. "ధనుర్వాత, న్యుమోనియా, ఫ్లూ, సర్పి ప్రభృతి..." ఇప్పుడది మా ఊరి సంకల్పంలో భాగం. ఎవరు తీసేయమన్నా ఊరు ఒప్పుకోదు.

ఇక ప్రతిజ్ఞ. కల్యాణం మర్నాడే, డైరీ ముందు పెట్టుకుని, నిండు మనసుతో రాశాను: "సత్యనారాయణ అను నేను, సూదులు నాలుగైనా నలభై అయినా వేయించుకొందును గాని, నా ఒంటి మీద ఇకపై సున్న చుట్టనని, అంకె వేయనని, తేదీ రాయనని ఇందుమూలంగా ప్రమాణం చేయుచున్నాను." కింద సంతకం, తేదీ. ఎప్పటికీ చెరిగిపోకూడదని ఆ మార్కరుతోనే రాశాను.

సిరా కిందికి దిగిపోయింది. ఒక పేజీ కాదు, తొమ్మిది పేజీలు. ఆ తరవాత తొమ్మిది రోజులు, ఏ పేజీ తెరిచినా నా ప్రతిజ్ఞ నాకంటే ముందే వచ్చి అక్కడ కూర్చుని ఉంది.