సెల్లారులోని ద్వారబంధం

మా అపార్టుమెంటు సంఘం మినిట్సు పుస్తకంలో ఒక వాక్యం ఉన్నది: "సెల్లారునందలి నిరుపయోగమైన కలప తొలగించబడినది." కార్యదర్శి హోదాలో దానిని వ్రాసినవాడను నేనే. ఈ ఉదయం పై అంతస్తులో వడ్రంగులు టేకు కోస్తుండగా ఆ వాసన నా గదిలోకి వచ్చింది. ఆ కలప నిరుపయోగమైనది కాదు. తప్పు వ్రాసినవాడే దిద్దవలసి ఉన్నది గనుక ఇది వ్రాస్తున్నాను.

అది సుబ్బాయమ్మగారి ద్వారబంధం. ఆవిడది గోదావరి నడుమనున్న ఒక లంక. వరద వరదకూ ఒడ్డు కోతపడి ఇల్లు నదిలో కలిసిపోగా, అమీర్‌పేటలో మా భవనపు కింది గదిలో అద్దెకు దిగి, మధురానగర్‌లో ఒక హాస్టలుకు వంట చేసేవారు. వచ్చిన రోజునే ఆ టేకు చట్రాన్ని, పసుపు పట్టిన గడపతో సహా, సెల్లారు గోడకు ఆనించారు. ఇదేమిటని అడిగాను.

"మా గుమ్మమండి, మాస్టారూ. ఏరు మీదికొచ్చినప్పుడల్లా ముందు దీన్నే ఊడదీసుకునేవోళ్ళం. వెనక్కి జరిగి, ముందు దీన్నే నిలబెట్టి, తర్వాత గోడలు లేపేవోళ్ళం. మూడిళ్ళు చూసిందండి ఇది. ఏటిగట్టుకి ఇవతల గవర్నమెంటోళ్ళు స్థలం ఇస్తామన్నారు. అందాకా ఇక్కడుంటాది."

ప్రతి శుక్రవారం ఆవిడ ఆ గడపను కడిగి పసుపు రాసేవారు. "దారే లేని గుమ్మానికి ఎవరొస్తారమ్మా?" అన్నాను ఒకసారి. "మీరొచ్చారు గదండీ," అని నవ్వారు.

తరువాత ఒక సభ్యుని కారుకు ఆ చట్రం గీసుకున్నది. వారం రోజుల్లో తీసివేయాలని నోటీసు వ్రాసి నేనే స్వయంగా అందించాను. ఆవిడ దానిని నిదానంగా చదివారు. "గోదారి కూడా నోటీసిచ్చిందండి, మాస్టారూ. అది రెండేళ్ళు గడువిచ్చింది. మీరు ఒక్క నెల ఓపిక పట్టండి, కాగితం వచ్చేస్తాది." నియమం అందరికీ ఒకటేనని చెప్పి వచ్చేశాను.

ఏడవనాడు వాచ్‌మన్ యాదయ్య చెప్పాడు: "అమ్మ రూము ఖాళీ చేసింది సార్. గా గుమ్మాన్ని ట్రాలీల ఏసుకొని పంజాగుట్ట దిక్కు పోయిండ్రు. ఏడికో నాకు సుత చెప్పలే."

కొన్నాళ్ళకు హాస్టలులో విచారించగా, స్థలం కాగితం ఆ నెలలోనే వచ్చిందనీ, ఆవిడ ఊరు వెళ్ళిపోయారనీ తెలిసింది. గుమ్మాన్ని అమ్మివేశారేమోనని పంజాగుట్టలో ఒక కలప డిపో యజమానిని అడిగాను. "పసుపు గడపనా? ఒకటొచ్చింది సార్. పాత టేకు, మస్తుగుండె. అదే దినం కోసేసినం," అన్నాడు.

నియమాలను నేనిప్పటికీ విడువలేదు. అయితే ఎవరికి నోటీసు ఇవ్వవలసి వచ్చినా వారి గదికి వెళ్ళి, కూర్చుని, ఎంత గడువు కావాలో అడుగుతాను. అడగనిదే సంతకం చేయను. ఆవిడకు మాత్రం ఆ మర్యాద దక్కలేదు.

ఆవిడ ఇల్లు జరిగినది మూడుసార్లో నాలుగుసార్లో, నా జ్ఞాపకం తప్పి ఉండవచ్చు. ఎరిగినవారు సవరించగలరు. మరి డిపోలో కోసినది ఇంకెవరిదో గడప అయి, సుబ్బాయమ్మగారిది ఏటిగట్టుకు ఇవతల నిలబడి ఉన్నట్లయితే, పైన నేను వ్రాసినది తప్పని దయచేసి ఒక్క ముక్క తెలియజేయవలసినదిగా వేడుకొంటున్నాను.