తీతువు పిట్టకు వేసిన పందిరి

మా బావమరిది మిరప కల్లం ఎంత పెద్దదంటే, ఈ చివర నిలబడి తుమ్మితే ఆ చివర ఉన్నవాడు మర్నాడు "చిరంజీవ" అంటాడు. జగ్గయ్యపేట దాటి ముక్త్యాల వెళ్లే రోడ్డు పక్కన, గులకరాళ్ల నేల. ఏటా ఎండలు ముదరగానే కొత్తకారం వంకతో నేనూ మా ఆవిడా నందిగామ నుంచి అక్కడ దిగుతాం. బావమరిదిని నాలుగు మాటలనకపోతే నాకు అన్నం అరగదు.

ఈసారి వెళ్లేసరికి కాయల లోడుతో ట్రాక్టరు కల్లం మధ్యలో ఆగి ఉంది. ఇంజనుకు ఏ రోగమూ లేదు. ఎదురుగా మూరెడు ఎత్తయినా లేని తీతువు పిట్ట ఒకటి రెక్కలు చాచి, అంత బండినీ నిలబెట్టేసింది. దాని అరుపు ముందు ఆ రోడ్డున పోయే సిమెంటు లారీలన్నీ ఒక్కసారే హారన్ కొట్టినా గుసగుసే. దాని వెనక, ఒట్టి నేల మీద నాలుగు గుడ్లు. గూడు లేదు, పుల్ల లేదు. అచ్చం గులకరాళ్ల రంగు, గులకరాళ్ల మచ్చలు.

"తీతువు అరుపు ఇంటికి అరిష్టం బావా. గుడ్లు తీయించి గట్టున పెట్టిస్తా," అన్నాడు బావమరిది.

"గట్టున పెడితే పొదిగేదెవరు, నువ్వా?" అంది మా ఆవిడ. "నువ్వు పుట్టినప్పుడు ఇంతకంటే ఘోరంగా అరిచావురా. నిన్నెవరన్నా గట్టున పెట్టారా?"

అక్క మాటకు అడ్డు చెప్పినవాడు ఆ వంశంలో ఇంకా పుట్టలేదు. గుడ్ల చుట్టూ మంచమంత చోటు వదిలి, మిగతా కల్లమంతా కాయలు పోయించాడు. ఎర్ర సముద్రం నడుమ చిన్న దీవి.

తర్వాతి ఆదివారం మళ్లీ వెళ్లాం. ఆ ఎండకు కాకులు తమ నీడల్ని కూడా ముక్కున కరుచుకుని పారిపోతున్నాయి. చూస్తే దీవి మీద నాలుగు కర్రలు, పైన నీలం పట్టా.

"ఏంటోయ్ బామ్మర్దీ, పెళ్లా, సీమంతమా?"

"ఎగతాళి చేయకు బావా. గుడ్లు ఉడికిపోతాయని వేశా."

నవ్వబోయి ఆగాను. పిట్ట పందిరి కిందికి రావడం లేదు. దగ్గరిదాకా పరుగెత్తి వస్తోంది, పట్టా టపటపమనగానే వెనక్కి పోతోంది. పక్కకు వాలిన ఎండ పందిరి కిందినుంచి దూరి సరిగ్గా గుడ్ల మీదే పడుతోంది.

"పొద్దున్నుంచీ ఇంతే. ఇక రాదేమో అక్కా," అన్నాడు వాడు. అరిష్టం అన్న గొంతు కాదది.

"ముందు నీ డెకరేషన్ పీకెయ్. దాని కాపురం దానికి తెలుసు."

పీకేసి ముగ్గురం ట్రాక్టరు చాటున నక్కాం. పిట్ట లేచింది. గుడ్ల వైపు కాదు, అవతలి కాలవ వైపు ఎగిరిపోయింది. "పోయింది," అన్నాడు వాడు.

కాసేపటికి ఎర్రటి కాయల మీదుగా వచ్చి వాలింది. పొట్ట కింది ఈకలు తడిసి నీళ్లు కారుతున్నాయి. గుడ్ల మీద నిలబడి, వాటికి తడి అంటేలా ఒళ్లు సర్దుకుని మెల్లగా కూర్చుంది. ఆరగానే లేచి కాలవకు వెళ్లింది. మళ్లీ తడుపుకుని వచ్చింది. మళ్లీ వెళ్లింది.

నేనమ్మేవి కూలర్లు. నందిగామలో నా కొట్టు నిండా కంపెనీ మీద కంపెనీ. ఏ కంపెనీకీ ఈ సంగతి తెలియదు. సూర్యుడు నిప్పులు చెరుగుతున్న ఆ కల్లంలో, కాస్త తడి పొట్టతో ఒక పిట్ట సూర్యుణ్ణి ఆపుతోంది.

కొన్నాళ్లకు పొద్దున్నే ఫోను. "బావా, పగిలాయి! అక్కని తీసుకుని రా!"

వెళ్లేసరికి నాలుగు పిల్లలూ, గుడ్లలాగే గులకరాళ్ల రంగులో, లేచి నిలబడి ఉన్నాయి. పుట్టి పూటన్నా కాలేదు, అప్పుడే నడక. కాయల అవతలినుంచి తల్లి పిలుస్తోంది. వాటికేమో ఒక్కో మిరపకాయ ఒక్కో తాటిదుంగ. ఎక్కుతున్నాయి, దొర్లుతున్నాయి, మళ్లీ ఎక్కుతున్నాయి. కాయలు తిరగేసే కూలీలు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు.

బావమరిది మోకాళ్ల మీద కూలబడ్డాడు. వెనక్కి వెనక్కి జరుగుతూ, రెండు చేతులతో కాయలు పక్కకు తోసి వాటికి బాట తీస్తున్నాడు. తల్లి పిట్ట వాడి నెత్తిమీదికి దూసుకొచ్చి, పైకి లేచి, చెవులు పగిలేలా అరుస్తోంది.

"తిట్టు తల్లీ, తిట్టు," అంటున్నాడు వాడు, తల వంచుకుని బాట తీస్తూనే.

పిల్లలు ఆ బాటన నడిచి, కల్లం దాటి, గులకరాళ్లలోకి దిగాయి. మా కళ్లముందే ఉన్నాయి. ఒక్కటీ కనిపించలేదు.