నాయన ఉండగా తీసిన మీసం

మొన్న సాయంత్రం టీవీలో మా అన్నకు సన్మానం జరుగుతుంటే అన్నం పళ్లెం పక్కన పెట్టుకుని మరీ చూస్తూ కూర్చున్నాను. పాత్ర కోసం ప్రాణం పెడతాడనీ, వేషం వేయడు, ఆ మనిషే అయిపోతాడనీ వక్తలందరూ పొగిడాక, అన్న మైకు పుచ్చుకుని మొదటి సినిమా కోసం మీసం తీయించుకున్న కథ ఎత్తుకున్నాడు. మా నాన్న పోయాడని ఊరంతా అనుకున్నారండీ అని నవ్వితే సభ సభంతా నవ్వింది. నాయనను నాన్నగా ఎప్పుడు మార్చాడో కూడా నాకు తెలియదు. టీవీ కట్టేశాను.

"ఏందత్తా, అందరూ చప్పట్లు కొడతా ఉంటే ఆపేసినావే?" అంది మా కోడలు. ఆ పిల్లకేం తెలుసు? నా ఈడు వాళ్లకైతే చెప్పనక్కర్లేదు, తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయడమంటే ఏమిటో.

మాది ఇందుకూరుపేట దగ్గర సముద్రపుటొడ్డు పల్లె. నాయన పడవ మీద వేటకు వెళ్లేవాడు. అన్నకు చిన్నప్పటి నుంచీ ఇదే పిచ్చి. బడిలో గుడ్డివాడి వేషం ఇస్తే నాటకం రోజు దాకా కళ్లకు గుడ్డ కట్టుకునే తిరిగి, ఇసుకలో ఎండబెట్టిన చేపలు తొక్కి, ఊళ్లో ఆడవాళ్లందరి చేతా తిట్లు తిన్నాడు. అమ్మ అన్నం కలిపి నోట్లో పెట్టేది. నెల్లూరులో నాటకాలాడే రోజుల్లో తాగుబోతు వేషం వస్తే, చుక్క ముట్టకుండా సారా కొట్టు ముందు కూర్చుని తూలే నడక నేర్చుకుని వచ్చాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని మేం నవ్వుకునేవాళ్లం. నాయన అయితే మరీ మురిసిపోయేవాడు. వేట లేని రోజు ఉతికిన పంచె కట్టుకుని నెల్లూరు వెళ్లి, ముందు వరసలో కూర్చుని, మావాడే మావాడే అంటూ పక్కవాళ్లను నాటకం చూడనిచ్చేవాడు కాదు.

తరువాత సినిమాలో తండ్రి పోయిన కొడుకు వేషం వచ్చింది. గుండూ మీసం సంగతి మేకప్‌లో చూసుకుంటామని సినిమావాళ్లు చెప్పినా అన్న వినలేదట. నెల్లూరులోనే రెండూ తీయించుకుని, తండ్రి లేని కొడుకుగా సొంత ఊళ్లో తిరిగి చూద్దామని బస్సెక్కి వచ్చాడు. సరిగ్గా అప్పుడే గాలి లేచి, వేటకు పోయిన నాయన పడవ రావలసిన వేళకు రాలేదు. బస్సు దిగిన అన్నను చేపల గంపలతో వెళ్తున్న ఆడవాళ్లు చూశారు. ఆ ముఖం చూశాక ఇంకేం అడగాలి? అయినా అడిగారు. ఆ పాత్ర మాట్లాడదట, అందుకని ఈ మహానుభావుడు నోరు విప్పలేదు. వాళ్లు గంపలు అక్కడే పడేసి, ఏడుస్తూ మా ఇంటికి పరుగెత్తారు.

వెనకే వచ్చిన అన్న బోడి ముఖం చూసి, అమ్మ రెండు చేతులూ ద్వారబంధానికేసి కొట్టుకుంది. గాజులు పగిలి మణికట్ల నిండా నెత్తురు. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం. మా అన్న గోడకానుకుని ఏం చేశాడో తెలుసా? చూశాడు. అమ్మ చేతులు ఎలా లేచాయో, ఎలా పడ్డాయో రెప్ప వేయకుండా చూశాడు. నేను చొక్కా పట్టుకుని గుంజితే గానీ ఇదంతా వేషం కోసమన్న మాట నోట రాలేదు. ఆ చొక్కా ఇప్పుడు దొరికినా చింపేస్తాను.

పొద్దుగూకే వేళకు నాయన పడవ ఒడ్డుకు చేరింది. గాజుల్లేని భార్యనూ, మీసం లేని కొడుకునూ చూశాడు. "నేనుండంగానే నాకు చెయ్యాల్సింది చేసేసినావు గదా అబ్బయా, ఇంక మళ్లా చెయ్యబాక" అన్నాడు. మర్నాడే అన్న మద్రాసు వెళ్లిపోయాడు. ఆ సినిమాలో అతను ద్వారబంధానికి చేతులు కొట్టుకుంటే జనం వెక్కి వెక్కి ఏడ్చారు, బహుమతులిచ్చారు. నెల్లూరు హాల్లో నేనూ చూశాను. అది మా అమ్మ ఏడుపు. అడగకుండా ఎత్తుకుపోయాడు.

కన్నతండ్రి కోపం ఎంతకాలం నిలుస్తుంది? మంచాన పడ్డాక నాయన నన్ను పిలిచి, "అది కోపంలో అన్న మాట. నేను పోతే వాడే చెయ్యాల, వాడికి చెప్పమ్మా" అన్నాడు. కబురు పంపాను. సరేనన్నాడు కూడా. నాయన పోయిన రోజు కారులో వచ్చాడు, జమీందారు వేషానికి పెంచిన జుట్టుతో, మెలితిప్పిన మీసంతో. మంగలి కత్తి నూరుకుని సిద్ధంగా ఉన్నాడు. షూటింగు సగంలో ఉంది, ఇప్పుడు తీస్తే కుదరదన్నాడు మా అన్న. చిన్నాయన కొడుకు గుండు చేయించుకుని తలకొరివి పెట్టాడు.

ఇప్పుడు మా ఒడ్డున కుర్రాళ్లు మీసాలు నున్నగా గీయించుకుని తండ్రుల పక్కనే నిలబడి వల లాగుతున్నారు. పడవల్లో సెల్‌ఫోన్లున్నాయి, ఎవరి ముఖం చూసీ ఎవరి గుండే ఆగిపోదు. మంచిదే. నాకే ఇంకా, బస్సు దిగే కుర్రవాడికి మీసం లేకపోతే, వాడి తండ్రి ఎక్కడున్నాడో అని కళ్లు వెతుకుతాయి. తీసిన మీసం కథ చెప్పి మా అన్న ఏ సభనైనా నవ్విస్తాడు. తీయని మీసం గురించి మాత్రం ఇంతవరకు ఒక్క సభలోనూ చెప్పలేదు.